ఇంద్రకీలాద్రి గిరిప్రదక్షిణము – కొండవాలున నిలిచిన ఊరు



ప్రదక్షిణమనగా దైవమును కుడివైపున నుంచుకొని చుట్టి వచ్చుట. దేవాలయమున ప్రదక్షిణము చేయునపుడు మన కుడిచేతి వైపున గర్భాలయపు గోడ ఉండును. గిరిప్రదక్షిణమున కొండయే ఉండును. పౌర్ణమినాడు విజయవాడలో ఇంద్రకీలాద్రికి ప్రదక్షిణము చేయు భక్తులు కొండ దిగువన బయలుదేరి, కుమ్మరిపాలెము, విద్యాధరపురము, చిట్టినగరు, కొత్తపేట, బ్రాహ్మణవీధి మీదుగా నడచి మరల అమ్మవారి పాదముల చెంతకు చేరుదురు. ఇది ఏడెనిమిది కిలోమీటర్ల నడక. ఈ నడకలో కుడివైపునకు చూచిన వారికి కొండరాయి కనబడుట అరుదు. కనబడునవి ఇండ్లు. వందలు వేలుగా, ఒకదానిపై నొకటి పేర్చినట్లు, పాదము నుండి శిఖరము వరకు ప్రాకిన ఇండ్లు.

"కొండను చూడవచ్చితిమి, ఈ ఇండ్లు అడ్డమైనవి" అని కొందరు భక్తులు నొచ్చుకొనుట కలదు. ఆ ఇండ్లు ప్రదక్షిణమునకు అడ్డమా, లేక ప్రదక్షిణములో భాగమా? నేటి ప్రసంగమునకు విషయము ఇదియే. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఈ కొండ కథను, దాని వాలుపై ఊరు వెలసిన క్రమమును, ఆ రాతి స్వభావమును కొంత తెలిసికొనవలెను.

కొండయైన భక్తుడు, బోయయైన దేవుడు

స్థలపురాణము ననుసరించి కీలుడను భక్తుడు అమ్మవారిని గూర్చి ఘోరతపస్సు చేసి, "తల్లీ, నీవు నా హృదయమున నిలువవలెను" అని వరము కోరెను. "నీవు పర్వతమై నిలువుము, మహిషాసుర సంహారము పిమ్మట నేను వచ్చి నీయందు వసింతును" అని తల్లి పలికెను. అట్లు కీలుడు కీలాద్రియై నిలిచెను. ఇంద్రాదులు వచ్చి ఇచ్చట దేవిని సేవించుటచేత అది ఇంద్రకీలాద్రి యైనది. ఈ గాథలోని విశేషమును గమనింపుడు. భక్తుడు గుడి కట్టింపలేదు, తానే గుడియైనాడు. కనుక ఈ కొండ అమ్మవారికి పీఠము మాత్రమే గాక ఒక భక్తుని దేహము కూడ. కొండకు గాయమైన భక్తునకు గాయమైనట్లే.

రెండవ గాథ అర్జునునిది. పాశుపతాస్త్రము కొరకు అర్జునుడు ఇంద్రకీలముపై తపస్సు చేయగా, పరమేశ్వరుడు కిరాతవేషమున వచ్చి అతనితో పోరెను. ఆ ఇంద్రకీలము ఈ కొండయే యని ఇచ్చటి వారి విశ్వాసము. విజయుడను అర్జునుని పేరనే ఊరికి విజయవాడ యను పేరు వచ్చెనని చెప్పుదురు. అర్జునుడు సామాన్యుడు కాడు. అయినను తన యెదుట నిలిచిన స్వామిని గుర్తింపలేకపోయెను. కారణమేమి? స్వామి కిరీటము ధరించి రాలేదు. చర్మము కట్టి, విల్లు పట్టి, కొండవాలున తిరుగు బోయవలె వచ్చెను. కొండవాలున కనబడిన మోటు మనిషిని అర్జునుడు తృణీకరించెను. పోరాడి ఓడిన పిదప గాని ఆయన యెవరో తెలియలేదు. ఈ ఘట్టమును మనస్సున నుంచుకొని ముందునకు పోవుదము.

ఊరు వెలసిన క్రమము

ఈ కొండలను మనుష్యులు ఆశ్రయించుట నేటిది కాదు. ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. రాతిని తొలిచి చేసిన ఆలయములవి. 17వ శతాబ్దిలో గోలకొండ నేలిన తానీషాకు మంత్రులైన అక్కన్న మాదన్నల పేరు వానికి తరువాత వచ్చినది గాని, గుహలు మాత్రము అంతకు వేయేండ్లకు పైబడిన ప్రాచీనములు. నగరములోనే మొగల్రాజపురమునందును, కృష్ణకు ఆవలి యొడ్డున ఉండవల్లియందును ఇట్టి గుహాలయములే కలవు. ఉండవల్లిలో శయనించియున్న అనంతపద్మనాభస్వామిని చూడనివారు ఈ ప్రాంతమున అరుదు. శిల్పులు రాతి స్వభావమును గమనించి, నిలువగల చోట మాత్రమే తొలిచిరి. అందుచేతనే ఆ గుహలు నేటికిని నిలిచియున్నవి.

10వ శతాబ్దిలో చాళుక్య యుద్ధమల్లుడు ఇచ్చట కుమారస్వామికి గుడి కట్టించి శాసనము వేయించెను. మధ్యాక్కరలలో రచింపబడిన ఆ శాసనము తెలుగు పద్యమునకు మనకు లభించిన మిక్కిలి ప్రాచీన నిదర్శనములలో నొకటి. అందులో బెజవాడ పేరు కానవచ్చును. అనగా వేయేండ్ల నాటికే ఈ కొండ క్రింద ఒక ఊరు, గుడి, మఠము, యాత్రికులు ఉండిరన్నమాట. అయితే ఆ ఊరు కొండ పాదముననే గాని వాలుమీద లేదు. కొండ తపస్సునకు, పాదము కాపురమునకు అని నాటి విభాగము.

ఆ విభాగము 19వ శతాబ్దిలో మారినది. 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన కృష్ణా ఆనకట్టను ఇంద్రకీలాద్రికి, ఆవలి సీతానగరము కొండకు నడుమ కట్టిరి. నది ఇరుకుగా నుండుటయు, రాయి చేతికందు దూరమున నుండుటయు ఆ చోటు నెన్నుకొనుటకు ముఖ్య కారణములు. ఆ పనిని నడపిన ఇంజనీరు చార్లెస్ ఓర్ పేర నగరములోని ఒక కొండను చిరకాలము ఓర్ కొండ యని పిలిచిరి. ఆనకట్టతో కాలువలు, కాలువలతో పడవలు, పడవలతో వర్తకము వచ్చినవి. 1888లో పురపాలక సంఘ మేర్పడెను. 1889లో నిజాము రాజ్యము నుండి రైలుమార్గము బెజవాడ చేరెను. పిమ్మట కృష్ణపై వంతెన పడి, మద్రాసు వైపునకును దారి యేర్పడినది. రైలు కూడలియైన ఊరికి కూలీలు కావలెను, హమాలీలు కావలెను, బండ్లవారు, కుట్టుపనివారు, వంటవారు, పూలు కట్టువారు కావలెను. పల్లెల నుండి వారందరును వచ్చిరి.

వచ్చినవారు ఎచ్చట నుండవలెను? దక్షిణమున నది. తక్కిన దిక్కుల కాలువలు, రైలు పట్టాలు, ధనవంతుల వాడలు. పల్లపు భూమి వెల పెరిగినది. పని చేయు చోటునకు కాలినడకన పోగలిగిన దూరమున, ఎవరును కాదనని చోటు ఒక్కటే మిగిలెను. అది కొండవాలు. మొదట వచ్చినవారు పాదమున గుడిసె వేసికొనిరి. తరువాత వచ్చినవారు వారి వెనుక రాతిని కొంత చెక్కి, చదును చేసి, మరియొకటి వేసికొనిరి. ఆ తరువాతి వారు మరికొంత పైకి పోయిరి. ఇట్లు ఒక తరము తరువాత నొక తరము మెట్టు మెట్టుగా పైకి ప్రాకి కొత్తపేట, గొల్లపాలెం గట్టు, చిట్టినగరు, విద్యాధరపురము మొదలగు కొండవాడలు ఏర్పడినవి. ఇటువంటి కథయే మొగల్రాజపురము, క్రీస్తురాజుపురము, గుణదల కొండలపైనను జరిగెను. గుణదల కొండపై 1924 నుండి మేరీమాతను కొలుచుచున్నారు. ఓర్ కొండ గాంధీ కొండయై, దానిపై 52 అడుగుల గాంధీ స్తూపమును 1968లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించిరి. ఈ ఊరిలో ఎవరికి పూజ్యమైన దానిని వారు కొండపైననే నిలుపుకొనిరి. పేదవాడు తన ఇంటినిగూడ అచ్చటనే నిలుపుకొనెను.

మెట్ల మీది బ్రతుకు

కొండవాడలో వీధి యనగా మెట్లవరుస. ఇరువైపుల ఇండ్లు, నడుమ మెట్లు, మెట్ల ప్రక్కన మురుగు కాలువ. ఒకరి ఇంటి కప్పు వెనుక ఇంటివారి వాకిలి మట్టమున నుండును. క్రింది యింటిలో పోపు వేసిన పై యింటివారికి తెలియును. పై యింటిలో బిడ్డ యేడ్చిన క్రింది యింటివారు తలయెత్తుదురు. రహస్యమునకు చోటు తక్కువ, సహాయమునకు చోటు ఎక్కువ. గ్యాసు బండను భుజముపై మోయవలెను. జబ్బుపడినవారిని కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురు పట్టి దింపవలెను. పెండ్లికూతురును నడిపించి తేవలెను. మరణించినవారిని మోయువారు కాలు జారకుండ ఒకరికొకరు పలుకుకొనుచు దిగవలెను. క్రిందివారు తోడురానిదే పైవారికి దినము గడువదు.

నీరు చాలినంత యెత్తునకు ఎక్కని దినములలో ఆడవారు బిందెలతో నీరు మోసిరి. 1990వ దశకమున బ్రిటన్ ప్రభుత్వ సహాయముతో నగరములోని మురికివాడలలో మెరుగుదల పనులు జరిగినపుడు సిమెంటు మెట్లు, కాలువలు, దీపములు, అడ్డుగోడలు కొంతవరకు వచ్చినవి. గుడిసెలు పోయి పెంకుటిండ్లును, పిదప డాబాలును వచ్చినవి. ఇంటి పన్ను కట్టుదురు, ఓటు వేయుదురు, బిడ్డలను చదివింతురు. అయినను కొండవాడ యనగానే పల్లపు వాడలవారి కంఠమున ఒక తేలికభావము ధ్వనించుట నేటికిని మానలేదు.

అమ్మవారి సన్నిధికి పోవు మెట్లదారిలో సువాసినులు మెట్టు మెట్టునకు పసుపు వ్రాసి కుంకుమ బొట్టు పెట్టి మెట్ల పూజ చేయుదురు. అది చక్కని ఆచారము. మెట్టును పూజించుట యనగా ఎక్కుటలోని శ్రమను పూజించుట. ఆ కొండకే మరియొక వైపున, పసుపు కుంకుమలు లేని మెట్లపై, తలపై బరువుతో దినమునకు పలుమార్లు ఎక్కి దిగు తల్లుల శ్రమ ఆ పూజకు వెలుపలిది కాదు. దసరా దినములలో మనము క్యూలో నిలిచి దర్శించుకొను అమ్మవారికి పూలు కట్టినచేయి, మనము కొట్టు కొబ్బరికాయల బస్తా మోసిన భుజము, మనలను స్టేషను నుండి తెచ్చిన ఆటోవాని చేయి, వీనిలో ఎన్ని ఈ మెట్ల మీది యిండ్లవియో ఆలోచింపుడు.

రాతి స్వభావము

ఇప్పుడు విషయమున కష్టమైన భాగమునకు వచ్చుచున్నాము. విజయవాడ కొండలు తూర్పుకనుమలకు చెందినవి. వానిలో అధికభాగము ఖొండలైటు అను రాయి. ఇది పొరలు పొరలుగా నుండును. క్రొత్తగా చీల్చినపుడు గట్టిగా కనబడును గాని, ఎండకు వానకు తరతరములు నాని, పొరల నడుమ మెత్తబడి, కొన్ని చోట్ల మట్టివలె మారును. మెత్తబడిన మట్టి నడుమ గట్టి గుండ్లు చిక్కుకొని నిలిచియుండును. చూచుటకు కొండ స్థిరము. లోపల మాత్రము అది మెల్లగా మారుచునే యుండును.

ఇట్టి కొండ నిలుచుటకు దాని పాదమే ఆధారము. ఇల్లు కట్టుటకో, దారి వేయుటకో పాదమును నిలువుగా చెక్కిన, పైనున్న బరువునకు ఆధారము తగ్గును. వాన నీరు పగుళ్లలో దిగును. కాలువలు పూడుకొనిపోయిన యెడల మురుగు నీరును ఏడాది పొడవున దిగుచునే యుండును. నీరు నిండిన పొర బరువెక్కి, పట్టు వదలి, జారును. పైనున్న గుండు దొర్లును. అడ్డుగోడ కట్టినను, దానిలో నీరు పోవు రంధ్రములు లేనిచో గోడ వెనుక నీరు చేరి గోడనే త్రోసివేయును. ఇందులో దైవకోపము లేదు. నీటికి దారి లేకపోవుటయే ఉన్నది.

ఇది ఇండ్లవారి విషయము మాత్రమే యని తలంపరాదు. 2020 అక్టోబరు 21న, దసరా నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు, అమ్మవారి ఆలయ సమీపముననే కొండచరియ విరిగిపడినది. లక్షలమంది వచ్చు దినమది. అమ్మ దయవలన పెనుముప్పు తప్పినది. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురము సున్నపుబట్టీల కూడలి వద్ద కొండరాళ్లు ఇండ్లపై పడి నిండు ప్రాణములు పోయినవి. ఆ మరునాటినుండి బుడమేరు పొంగి పల్లపు వాడలు మునిగినవి. ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులను మించి పారినది. కొండమీది వారికి రాయి, పల్లమున వారికి నీరు. ఆ వారమున విజయవాడలో ఎత్తు పల్లముల భేదము లేకపోయినది.

దారి వేయుటకు కొండను చెక్కినది భక్తుల సౌకర్యము కొరకు. ఇంటి కొరకు చెక్కినది నిలువనీడ కొరకు. రెండును ఒకే కొండ దేహముపై పడిన గాట్లే. కనుక ఒకరు మరియొకరిని నిందించుటకు తావు లేదు. గాటు మానునట్లు చూచుట అందరి బాధ్యత.

కనకవర్షమునకు కారణము

అమ్మవారికి కనకదుర్గ యను పేరు వచ్చుటకు ఒక గాథ చెప్పుదురు. మాధవవర్మ యను రాజు ధర్మము తప్పక ఈ సీమను పాలించుచుండెను. ఒకనాడు రాజకుమారుని రథము క్రిందపడి ఒక పేదరాలి కొడుకు మరణించెను. ఆమె చింతచిగురు అమ్ముకొని బ్రతుకు స్త్రీ. ఆమె వచ్చి రాజసభలో నిలిచెను. రాజు విచారించి, తప్పు తన కుమారునిదే యని తేలగా, పుత్రప్రేమను దిగమ్రింగి అతనికి మరణదండన విధించెను. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దైవము ఇరువురు బాలురను బ్రతికించి, ఊరిపై కనకవర్షము కురిపించెనట.

ఈ కథలో బంగారము ఎప్పుడు కురిసినది? యజ్ఞము చేసినపుడు కాదు, గోపురము కట్టినపుడు కాదు. చింతచిగురు అమ్ముకొను తల్లి బిడ్డ ప్రాణమును రాజకుమారుని ప్రాణముతో సమముగా తూచినపుడు. అమ్మవారి పేరులోని కనకము ఆ తూకమునకు గురుతు. అట్టి పేరుగల తల్లి కొండపై, వానకాలపు రాత్రి ఒక పేదతల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని పైనుండి రాయి వచ్చునేమో యని మేలుకొని కూర్చున్నదన్న, ఆ తూకము మరల మన యెదుటకు వచ్చినట్లే.

మనము చేయదగినది

కొండపై నివసించు సోదరులు మొదట కొన్ని గురుతులు తెలిసికొనవలెను. గోడపై క్రొత్త పగులు, ఒరిగిన స్తంభము, బిగిసి తెరుచుకొనని తలుపు, ఎన్నడును లేనిచోట ఊరు బురదనీరు, పైనుండి రాలు చిన్నరాళ్లు, ఇవి కొండ ముందుగా చెప్పు మాటలు. పెద్దవాన నాటి రాత్రి ఇవి కనబడినచో సామానులు చూచుకొనక మనుష్యులను దింపవలెను. అడ్డుగోడ రంధ్రములను సిమెంటుతో పూడ్చరాదు. చెత్తను కాలువలో వేయరాదు. గది పెంచుట కొరకు వెనుక గట్టును ఇంకను చెక్కరాదు. గుండుపై ఇల్లు, గుండు క్రింద ఇల్లు కట్టరాదు.

అధికారులు చేయవలసినవి కలవు. ఇనుప వలలు, అడ్డుగోడలు, వాన నీటికి దారులు వేయవలెను. నిలువరాని చోటనున్న వారికి పనికి దగ్గరలో వేరు చోటు చూపవలెను. పనికి దూరముగా ఇల్లిచ్చిన యెడల మనిషి మరల కొండకే వచ్చును. ఏలయన మొదట అతడు కొండ నెక్కినది కొండపై మోజుతో కాదు, కూలికి దగ్గరయని.

భక్తులు చేయవలసినవియు కలవు. గిరిప్రదక్షిణమున త్రాగిన నీటి సీసాను, తిన్న ఆకును కొండ కాలువలో పడవేసినవాడు ప్రదక్షిణ ఫలమును అచ్చటనే విడిచిపోవుచున్నాడు. వాన రాత్రులలో సత్రముల తలుపులు, కల్యాణ మండపముల తలుపులు కొండవారి కొరకు తెరచియుండుట అన్నదానమునకు తీసిపోని దానము. ప్రదక్షిణము చేయునపుడు ఇంటి ముందు నిలిచి మంచినీరు ఇచ్చు తల్లికి నమస్కరించి, "అమ్మా, వానకు ఇబ్బంది లేదు గదా?" అని ఒక్కమాట అడిగిన, అదియు నామస్మరణమే.

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇదియే సమాధానము. కొండ కీలుడను భక్తుని దేహము. ఆ దేహమును ఆశ్రయించి బ్రతుకువారు అమ్మవారి ఒడిలోని బిడ్డలు. కొండను కుడివైపున నుంచుకొని నడచువాడు వారిని విడిచి కొండను మాత్రము చుట్టజాలడు. అర్జునునకు కొండవాలున బోయ కనబడెను. స్వామి కనబడలేదు. మనకు కొండవాలున ఇండ్లు కనబడుచున్నవి. రాబోవు పౌర్ణమినాడు తలయెత్తి చూచునపుడు ఆ దీపముల వరుస అమ్మవారి కంఠహారమువలె తోచిన యెడల, ఆనాటి ప్రదక్షిణము పూర్ణమైనదని తెలియుడు.

అమ్మవారు కొండను, కొండను నమ్ముకొన్నవారిని చల్లగా కాపాడుగాక.

స్వస్తి.